మీ వీధిలో తక్కువ ఆదాయపు వృద్ధులకు ఇళ్లు కడతామంటే ఇరుగుపొరుగు వద్దన్నప్పుడు ఏం చేయాలి

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నగరంలో మేబెల్ అవెన్యూ మీద ఒక పాత పండ్లతోట ఉండేది. ఆ స్థలంలో తక్కువ ఆదాయం గల వృద్ధుల కోసం 60 అపార్ట్‌మెంట్లు, వాటితోపాటు మార్కెట్ ధరకు అమ్మే 12 విడి ఇళ్లు కట్టడానికి 2013 జూన్‌లో సిటీ కౌన్సిల్ ఏకగ్రీవంగా అనుమతి ఇచ్చింది. చుట్టుపక్కల కుటుంబాలు సంతకాలు సేకరించి ఆ నిర్ణయాన్ని ప్రజల ఓటుకు తీసుకువెళ్లాయి. అదే ఏడాది నవంబర్ 5న మెజర్ డి పేరుతో జరిగిన ఓటింగులో నగర ప్రజలు ఆ అనుమతిని తిరస్కరించారు. తరువాత ఆ స్థలం చేతులు మారి విడి ఇళ్లకు వెళ్లింది, వృద్ధుల అపార్ట్‌మెంట్లు అక్కడ రాలేదు. వ్యతిరేకించినవారిలో చాలామంది తాము వృద్ధులకు వ్యతిరేకులం కామని, జోనింగ్ (ఏ స్థలంలో ఏమి, ఎంత కట్టవచ్చో చెప్పే నగర నియమాలు) మార్పునూ ట్రాఫిక్‌నూ మాత్రమే వ్యతిరేకిస్తున్నామని చెప్పారు. వారు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారని నేను నమ్ముతాను. అయినా ఫలితం మారలేదు.

శాన్ ఫ్రాన్సిస్కో చుట్టూ ఉన్న బే ఏరియాలో ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రామోన్, క్యూపర్టినో వంటి ఊళ్లలో సొంత ఇళ్లున్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఇలాంటి ప్రతిపాదన మన వీధి దగ్గరికి వచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ముందుగా తిరిగేది సాధారణంగా వ్యతిరేక పిటిషనే. సమర్థించేవారూ ఆ గ్రూపుల్లో ఉంటారు గానీ వారు నోరు విప్పరు, సిటీ హాలు దాకా వెళ్లరు. ఈ ఇళ్లు ఆగిపోవడానికి వ్యతిరేకుల బలం కన్నా ఆ మౌనమే పెద్ద కారణమని నా అభిప్రాయం. మీరు ఆ మౌనంగా ఉన్నవారిలో ఒకరైతే, ప్రతిపాదన వార్త విన్న రోజు నుంచి తాళాలు ఇచ్చే రోజు దాకా ఏ పని ఎప్పుడు చేయాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాను. చట్టాల వివరాలు కాలిఫోర్నియావి. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఉన్నవారు తమ రాష్ట్ర చట్టాలను విడిగా చూసుకోవాలి గానీ, పనుల వరుస మాత్రం ఎక్కడైనా దాదాపు ఇలాగే ఉంటుంది.

మొదటి మెట్టు: అక్కడ ఎవరు ఉండబోతున్నారో తెలుసుకోండి

వీధిలో చర్చ సాధారణంగా "లో ఇన్‌కమ్ హౌసింగ్ అట" అన్న ఒక్క మాటతో మొదలై అక్కడే ఆగిపోతుంది. మీరు అక్కడ ఆగకూడదు. ఫెడరల్ గృహనిర్మాణ శాఖ, అంటే హడ్, ప్రతి ఏటా ప్రతి కౌంటీకి మధ్యస్థ ఆదాయాన్ని ప్రకటిస్తుంది. ఆ ఆదాయంలో 80 శాతం లోపు ఉంటే తక్కువ ఆదాయం, 50 శాతం లోపు ఉంటే చాలా తక్కువ ఆదాయం, 30 శాతం లోపు ఉంటే అత్యల్ప ఆదాయం అని లెక్క. మీ వీధిలో కట్టబోయే ఇళ్లలో ఎన్ని ఏ తరగతికి చెందుతాయో కట్టే సంస్థ సిటీకి ఇచ్చిన దరఖాస్తులోనే ఉంటుంది. సిటీ ప్లానింగ్ విభాగం వెబ్‌సైటులో దాన్ని వెతకండి. దొరకకపోతే ఆ దరఖాస్తు చూస్తున్న ప్లానర్‌కు ఇమెయిల్ రాసి అడగండి.

తరువాత, డబ్బు ఏ పథకం నుంచి వస్తోందో చూడండి. వృద్ధుల కోసమే 1959లో మొదలైన సెక్షన్ 202 పథకం కింద కట్టినవైతే, ఇంట్లో కనీసం ఒకరికి 62 ఏళ్లు నిండి ఉండాలి, ఆదాయం చాలా తక్కువ తరగతిలో ఉండాలి. అద్దెగా వారు తమ సర్దుబాటు చేసిన ఆదాయంలో దాదాపు 30 శాతం కడతారు, మిగిలినది ప్రభుత్వం భరిస్తుంది. ఈ రోజుల్లో ఎక్కువ ఇళ్లు 1986 నాటి పన్ను చట్టంతో వచ్చిన టాక్స్ క్రెడిట్ పథకంతో, అంటే పెట్టుబడి పెట్టేవారికి పన్ను తగ్గింపు ఇచ్చే పథకంతో కడుతున్నారు. అందులో అద్దె ఆ ఇంటికి నిర్ణయించిన ఆదాయ తరగతిని బట్టి ఉంటుంది, ఉండేవారి చేతికి వచ్చే డబ్బును బట్టి కాదు. అందువల్ల వోచరు (అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే సాయం) తోడు లేకపోతే అందరికన్నా పేదవారికి ఆ అద్దె కూడా అందకపోవచ్చు. ఈ తేడా మీకు తెలిసి ఉంటే కట్టే సంస్థతో మాట్లాడేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న దొరుకుతుంది: అత్యల్ప ఆదాయం వారికి ఎన్ని ఇళ్లు కేటాయిస్తున్నారు, వాటికి వోచర్లు ఉన్నాయా?

ఈ పథకాలకు అర్హులయ్యే వృద్ధులు మనకు తెలియని మనుషులు కారు. పిల్లల స్పాన్సర్‌షిప్‌తో అరవై దాటాక గ్రీన్ కార్డు మీద వచ్చి, మనవలను పెంచి పెద్దచేసిన అమ్మానాన్నలు మన మధ్యే ఎందరో ఉన్నారు. ఈ దేశంలో పదేళ్ల ఉద్యోగ కాలం లేకపోతే సొంత సోషల్ సెక్యూరిటీ పింఛను రాదు. అర్హత ఉన్న పేద వృద్ధులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ సాయం ఒంటరి వ్యక్తికి 2025లో ఫెడరల్ వాటాగా నెలకు గరిష్ఠంగా 967 డాలర్లు, దానికి కాలిఫోర్నియా కొంత కలుపుతుంది. బే ఏరియాలో ఒక పడకగది అపార్ట్‌మెంటు అద్దె రెండు వేల డాలర్లు దాటుతుంది. కొడుకు ఇంట్లోనో కూతురు ఇంట్లోనో ఉన్నంతకాలం వారి పేదరికం ఎవరికీ కనబడదు. పిల్లల ఉద్యోగం పోయినప్పుడు, సంసారం విడిపోయినప్పుడు, లేదా ఆ తల్లిదండ్రులే మెట్లు ఎక్కలేక వేరే చోటు కోరుకున్నప్పుడు అది ఒక్కసారిగా బయటపడుతుంది. దేశం మొత్తం మీద సహాయానికి అర్హులైన వృద్ధ అద్దెదారుల్లో దాన్ని నిజంగా పొందుతున్నవారు మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే.

రెండవ మెట్టు: ఏ రకం అనుమతి కావాలో కనుక్కోండి

ఈ పని చాలామంది వదిలేస్తారు. మిగతా పనులన్నీ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి దీనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి.

మేబెల్ అవెన్యూ ప్రతిపాదనకు జోనింగ్ మార్పు అవసరమైంది. జోనింగ్ మార్చడం శాసనం చేయడంతో సమానం కనుక, కౌన్సిల్ నిర్ణయం తీసుకున్నాక 30 రోజుల్లో నగర ఓటర్లలో 10 శాతం మంది సంతకాలు తెస్తే ఆ నిర్ణయాన్ని రెఫరెండానికి, అంటే ప్రజల ఓటుకు, పెట్టవచ్చు. ఇప్పటికే ఉన్న జోనింగ్‌కు లోబడి ఉన్న ప్రతిపాదనకు ఇచ్చే అనుమతి పరిపాలనా చర్య. దాని మీద రెఫరెండం రాదు. కాబట్టి ప్లానర్‌ను మీరు అడగవలసిన ప్రశ్న సూటిగా ఇది: ఈ స్థలానికి జోనింగ్ గానీ జనరల్ ప్లాన్ (నగరం దీర్ఘకాల అభివృద్ధి ప్రణాళిక) గానీ మార్చాలా, అక్కరలేదా? మార్చాలి అని జవాబు వస్తే కౌన్సిల్‌లో గెలవడం సగం పనే అవుతుందని, ఊరంతటినీ ఒప్పించవలసి రావచ్చని మొదటి రోజే గుర్తించండి.

అనుమతి తప్పనిసరిగా ఇవ్వవలసిన దారులు కూడా కాలిఫోర్నియాలో ఇప్పుడు కొన్ని ఉన్నాయి. రాష్ట్రం ప్రతి నగరానికి ఎనిమిదేళ్లకోసారి ఇన్ని ఇళ్లకు చోటు చూపాలని లక్ష్యం పెడుతుంది. బే ఏరియాకు ప్రస్తుత కాలం 2023 నుంచి 2031 వరకు. ఆ లక్ష్యంలో వెనుకబడిన నగరాల్లో, 2017లో వచ్చిన ఎస్‌బి 35 చట్టం, దాన్ని 2023లో పొడిగించిన ఎస్‌బి 423 చట్టం ప్రకారం, ముందే రాసిపెట్టిన కొలతలకు సరిపోయిన ప్రతిపాదనను కౌన్సిల్ తన ఇష్టాయిష్టాలతో ఆపలేదు. చర్చి, గుడి, గురుద్వారా వంటి మతసంస్థల స్థలాల్లో అందుబాటు ధరల ఇళ్లు కట్టడానికి 2023 నాటి ఎస్‌బి 4 ఇలాంటి దారే తెరిచింది. మన గుళ్ల కమిటీల్లో ఉన్నవారు, ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలం చూసినప్పుడల్లా ఈ చట్టాన్ని గుర్తు తెచ్చుకోవాలని నా కోరిక. పూర్తిగా అందుబాటు ధరలకే కట్టే ఇళ్లకు, కొన్ని షరతులకు లోబడి, పర్యావరణ సమీక్ష చట్టం నుంచి మినహాయింపు ఇస్తూ అదే ఏడాది ఏబి 1449 కూడా వచ్చింది.

ఈ దారులేవీ వర్తించకపోయినా 1982 నాటి హౌసింగ్ అకౌంటబిలిటీ యాక్ట్ ఉంది. తక్కువ ఆదాయం వారి ఇళ్లను తిరస్కరించాలన్నా, కట్టడానికి వీలులేనంతగా కుదించాలన్నా, చట్టం చెప్పిన కొద్ది కారణాల్లో ఏదో ఒకటి నిజంగా ఉందని నగరం రాతపూర్వకంగా, ఆధారాలతో చూపాలి. ప్రజారోగ్యానికో భద్రతకో నిర్దిష్టమైన హాని, అదీ తగ్గించడానికి మార్గం లేని హాని అలాంటి కారణం అవుతుంది. "ఈ వీధి స్వభావం మారిపోతుంది" అన్నది కాదు. జోనింగ్ నియమాలకు సరిపోయిన ప్రతిపాదన మీద ఐదుకు మించి హియరింగులు (బహిరంగ విచారణ సమావేశాలు) పెట్టకూడదని 2019 నాటి ఎస్‌బి 330 చెబుతుంది. జరిగిన ప్రతి హియరింగు తేదీని ఒక కాగితం మీద రాసుకుంటూ ఉండండి. వాయిదాలతో ప్రతిపాదనను నీరుగార్చడం తరచూ జరిగే పని.

మూడవ మెట్టు: భయాలను వారి మాటల్లోనే రాసుకుని, ఒక్కొక్కదానికీ జవాబు వెతకండి

ఇరుగుపొరుగువారి నెక్స్ట్‌డోర్ యాప్‌లో, హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) మీటింగులో, వాట్సాప్‌లో వచ్చిన ఆక్షేపణలను ఒకచోట చేర్చండి. వాటిని మీ మాటల్లోకి మార్చకండి, ఎవరు ఎలా అన్నారో అలాగే ఉంచండి. ఆ పట్టికలో కొన్ని నిజమైన సమస్యలు ఉంటాయి, కొన్ని సమాచారం లేక పుట్టినవి ఉంటాయి, కొన్ని పేదవారంటే ఉన్న విముఖతకు వేరే పేర్లు. ఏది ఏదో మీకు అర్థమైనా బయటికి చెప్పనక్కరలేదు. ప్రతిదాన్నీ నిజమైన ప్రశ్నగానే తీసుకుని జవాబు సిద్ధం చేయండి, ఎందుకంటే మీ జవాబు వినేది ఆ ప్రశ్న అడిగిన మనిషి ఒక్కరే కాదు, ఇంకా ఏ పక్షమూ తేల్చుకోని పదిమంది.

ట్రాఫిక్ దాదాపు ఎప్పుడూ మొదటి ఆక్షేపణ. రవాణా ఇంజనీర్లు వాడే ప్రామాణిక లెక్కల ప్రకారం ఒక విడి ఇంటి నుంచి రోజుకు సగటున తొమ్మిదికి పైగా కారు రాకపోకలు ఉంటే, వృద్ధుల అపార్ట్‌మెంటు నుంచి మూడు మాత్రమే ఉంటాయి. అంటే 60 వృద్ధుల అపార్ట్‌మెంట్లు కలిగించే రద్దీ సుమారు 20 విడి ఇళ్ల రద్దీతో సమానం. అయితే సగటు లెక్క చూపించి ఊరుకోకండి. మేబెల్ అవెన్యూ ఇరుకైన రోడ్డు, దాని మీదుగా పిల్లలు సైకిళ్ల మీద బడికి వెళ్లేవారు. అక్కడి తల్లిదండ్రుల భయం నిజమైనది. అటువంటి చోట సైకిల్ దారి, నడక దారి, గేటు ఏ వైపు ఉండాలి, నిర్మాణ సమయంలో లారీలు ఏ గంటల్లో రాకూడదు అన్న వివరాలే సమాధానం. బడి మొదలయ్యే, వదిలే వేళల్లో లారీలు రాకూడదన్న షరతు ఒక్కటి రాయించినా ఆ తల్లిదండ్రుల్లో కొందరి మనసు కుదుటపడుతుంది.

పార్కింగ్ గురించి ఇంటికొక స్థలం కన్నా తక్కువ ఇస్తున్నారని కోపం వస్తుంది. కట్టే సంస్థ ఇప్పటికే నడుపుతున్న వృద్ధుల భవనాల్లో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల వేళ ఎన్ని కార్లు నిలిచి ఉంటాయో లెక్క తీసి ఇమ్మని అడగండి. వీలైతే మీరే ఒక సాయంత్రం వెళ్లి చూసి రండి. లెక్కలో సందర్శకుల కార్లు, ఇంటి పనికి వచ్చే సహాయకుల కార్లు చేరాయో లేదో చూడండి. వృద్ధుల ఇళ్ల దగ్గర పార్కింగ్ నిండడానికి అవి ఒక కారణం, వ్యతిరేకులు ఈ మాట ఎత్తితే అది న్యాయమైన మాటే.

ఇంటి ధరల విషయంలో తొందరపడి మాట ఇవ్వకండి. "ధరలు అస్సలు తగ్గవు" అని చెప్పిన మనిషి, ఎదుటివారు ఒక్క అధ్యయనం చూపించగానే మిగతా మాటల్లో కూడా నమ్మకం కోల్పోతాడు. అప్పట్లో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న రెబెకా డైమండ్, టిమ్ మెక్‌క్వేడ్ టాక్స్ క్రెడిట్ ఇళ్ల మీద చేసిన పరిశోధనలో, పేద ప్రాంతాల్లో కట్టినప్పుడు పదో వంతు మైలు లోపలి ఇళ్ల ధరలు సుమారు 6.5 శాతం పెరిగాయని, మైనారిటీలు తక్కువగా ఉన్న సంపన్న ప్రాంతాల్లో సుమారు 2.5 శాతం తగ్గాయని తేలింది. ఆ లెక్కలో కుటుంబాల ఇళ్లూ వృద్ధుల ఇళ్లూ కలిసి ఉన్నాయి. ఇక న్యూజెర్సీలోని మౌంట్ లారెల్‌లో ముప్పై ఏళ్ల కోర్టు పోరాటం తరువాత 2000లో తెరుచుకున్న ఎథెల్ లారెన్స్ హోమ్స్‌ను ప్రిన్స్‌టన్ సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ బృందం పరిశీలించి, చుట్టుపక్కల నేరాల మీద గానీ, ఇంటి విలువల మీద గానీ, పన్నుల మీద గానీ చెడు ప్రభావం కనబడలేదని తేల్చింది. ఈ రెండూ కలిపి చెప్పండి: ప్రభావం ఉంటే అది చిన్నది, చాలా దగ్గరి ఇళ్లకే పరిమితం, కొన్ని చోట్ల మేలు కూడా. పదేళ్లు పొదుపు చేసి ఇల్లు కొన్న మనిషికి 2.5 శాతం చిన్న మొత్తం కాదని కూడా ఒప్పుకోండి. ఒప్పుకున్నాక, ఆ మొత్తం కోసం ఒక వృద్ధురాలికి ఇల్లు లేకుండా చేయడం సరైనదేనా అని అడిగే అర్హత మీకు వస్తుంది.

"వాళ్లు ప్రాపర్టీ టాక్స్ కట్టరు, ఆ భారం మన మీద పడుతుంది" అన్నది మన వర్గాల్లో ఎక్కువగా వినిపించే మాట. లాభాపేక్ష లేని సంస్థలు నడిపే తక్కువ ఆదాయపు ఇళ్లకు కాలిఫోర్నియాలో ఆస్తిపన్ను మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ 1978 నాటి ప్రపోజిషన్ 13 వల్ల మీ ఇంటి పన్ను విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు, పక్క స్థలానికి మినహాయింపు ఇచ్చారని మీ మూల పన్ను రేటు పెంచే వీలు లేదు. బడుల్లో రద్దీ పెరుగుతుందన్న వాదన వృద్ధుల ఇళ్లకు అసలు అతకదు. అంబులెన్సుల చప్పుడు, ఎత్తైన భవనం నుంచి పెరట్లోకి చూపు పడటం వంటివి డిజైన్‌తో చాలావరకు పరిష్కారమయ్యేవి. వాటిని తరువాతి మెట్టుకు తీసుకువెళ్లండి.

ఒక ఆక్షేపణకు మాత్రం సులువైన జవాబు లేదు. స్థలం ఇప్పుడు తోటగానో ఆటస్థలంగానో ఉంటే పోయేది నిజంగానే విలువైనది. న్యూయార్క్‌లోని ఎలిజబెత్ స్ట్రీట్ గార్డెన్ స్థలంలో వృద్ధులకు 123 ఇళ్లు కట్టాలని నగరం ఏళ్ల తరబడి ప్రయత్నించి, కోర్టులో గెలిచి కూడా, చివరికి 2025లో మేయర్ ఎరిక్ ఆడమ్స్ హయాంలో విరమించుకుంది. బదులుగా అదే కౌన్సిల్ డిస్ట్రిక్టులోని వేరే స్థలాల్లో ఇంకా ఎక్కువ ఇళ్లు కట్టేలా ఒప్పందం కుదిరిందని ప్రకటించింది. మీ ఊళ్లో కూడా "వేరే చోట కట్టండి" అంటారు. అప్పుడు ఆ వేరే చోటు చిరునామా, దాని యజమాని అంగీకారం, దాని జోనింగ్ అడగండి. చూపగలిగితే అది మంచి ప్రతిపాదనే. చూపలేకపోతే అది వాయిదా, వాయిదా అంటే ఎనభై ఏళ్ల మనిషికి తిరస్కరణే.

నాలుగవ మెట్టు: కట్టే సంస్థను కలిసి, ఇచ్చే మాటలు కాగితం మీద పెట్టించండి

ఈ ఇళ్లను ఎక్కువగా ఈడెన్ హౌసింగ్, మిడ్‌పెన్ హౌసింగ్, మెర్సీ హౌసింగ్ వంటి లాభాపేక్ష లేని సంస్థలు కడతాయి. అవి దశాబ్దాలుగా నడుపుతున్న భవనాలు మీ చుట్టుపక్కలే ఉంటాయి. ఇరుగుపొరుగు వారికి ఒక భవనం లోపలి నుంచి చూపించమని అడగండి. కాగితాల మీది బొమ్మలు పోగొట్టలేని భయాన్ని పూలకుండీలు పెట్టిన నడవా, ఉదయం వ్యాయామం చేస్తున్న పెద్దవాళ్లు పోగొడతారు. వ్యతిరేక పిటిషన్ రాసినవారిని ప్రత్యేకంగా పిలవండి, వారి వీలు చూసే తేదీ పెట్టండి.

సంస్థను అడగవలసినవి ఇవి: రాత్రివేళ మేనేజరు భవనంలోనే ఉంటారా, ఫిర్యాదు చేయడానికి ఏ ఫోన్ నంబరు, వృద్ధులకు సేవలు ఏర్పాటు చేసే సిబ్బంది వారంలో ఎన్ని రోజులు ఉంటారు, పక్క పెరడు వైపు కిటికీలు ఎంత ఎత్తులో ఉంటాయి, పై అంతస్తు వెనక్కి జరపగలరా. ఒప్పుకున్న ప్రతి విషయం అనుమతి షరతుల్లో చేరేలా ప్లానర్‌కు రాయండి. నోటి మాట అనుమతి వచ్చాక ఎవరికీ గుర్తుండదు.

ఒక్క రాజీకి మాత్రం తలూపే ముందు బాగా ఆలోచించండి. "60 ఇళ్లు వద్దు, 30 చేయండి" అన్న మాట మధ్యేమార్గంలా వినబడుతుంది. కానీ భూమి ధర, లిఫ్టు, మేనేజరు జీతం, సేవల సిబ్బంది ఖర్చు ఇళ్లు సగమైనా సగం కావు. టాక్స్ క్రెడిట్ల కోసం రాష్ట్రం పెట్టే పోటీలో ఖర్చు లెక్క కుదరని ప్రతిపాదన వెనకబడుతుంది, నిధులు రాకపోతే అనుమతి ఉన్నా ఇల్లు లేదు. అందుకే సంఖ్య తగ్గించమని అడిగేవారిని ముందు సంస్థ ఆర్థిక లెక్క చూడమనండి.

ఐదవ మెట్టు: గడప దగ్గర మాట్లాడండి, గ్రూపులో కాదు

వాట్సాప్‌లో వాదించి మనసు మార్చుకున్నవారు అరుదు. పదిమంది ముందు ఒక మాట అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టం. గ్రూపులో తప్పుడు సమాచారం కనబడితే సరైన పత్రం లింకు ఒక్కటి పెట్టి ఆపేయండి, ఆపైన మనిషిని ఇంటి దగ్గర కలవండి. తెలుగువారింట్లో అయితే వారి మాట నుంచే మొదలుపెట్టండి: "అన్నయ్యా, పార్కింగ్ గురించి మీరు రాసింది చదివాను. వాళ్లు నడిపే మరో బిల్డింగులో రాత్రిపూట లెక్క తెప్పించాను, ఒకసారి చూస్తారా?" ఆ ఇంట్లో పెద్దవారు ఉంటే వారితోనూ మాట్లాడండి. "అమ్మగారూ, మీ స్నేహితురాళ్లలో ఇలాంటి ఇంటి కోసం చూస్తున్నవారు ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే, కొడుకూ కోడలూ ఎప్పుడూ వినని జవాబు వస్తుంది.

ఎవరినీ స్వార్థపరులని గానీ జాత్యహంకారులని గానీ అనకండి. అయితే ఎవరైనా బహిరంగంగా అక్కడికి ఏ జాతివారు, ఏ దేశంవారు వస్తారో అన్న మాట ఎత్తితే మర్యాదగానే అడ్డు చెప్పాలి. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం నగరం అలాంటి కారణంతో నిర్ణయం తీసుకోకూడదు. ఆదాయం తక్కువన్న కారణంతో నగరాలు ఇళ్ల ప్రతిపాదనల పట్ల వివక్ష చూపడాన్ని కాలిఫోర్నియా చట్టం విడిగా నిషేధించింది.

ఆరవ మెట్టు: హియరింగుకు మనుషులను తీసుకువెళ్లండి

బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు మసాచుసెట్స్ పట్టణాల ప్లానింగ్, జోనింగ్ సమావేశాల మినిట్స్‌ను పరిశీలించినప్పుడు, మాట్లాడినవారిలో కొత్త ఇళ్లను సమర్థించినవారు 15 శాతం లోపే ఉన్నారు. మాట్లాడినవారు ఊరి సగటు జనం కన్నా వయసులో పెద్దవారు, సొంత ఇళ్లున్నవారు, చాలాకాలంగా అక్కడే ఉంటున్నవారు. కౌన్సిల్ సభ్యులకు కనబడే ఊరు అదే. మీరు ఐదుగురితో వెళ్లినా వారికి ఇంకో ఊరు కనబడుతుంది.

కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం రెగ్యులర్ సమావేశపు అజెండాను కనీసం 72 గంటల ముందు ప్రకటించాలి, ప్రజలకు మాట్లాడే అవకాశం ఇవ్వాలి. అజెండాతోపాటు వచ్చే స్టాఫ్ రిపోర్టు పూర్తిగా చదవండి. మీ ఉత్తరాన్ని సమావేశానికి ఒకటి రెండు రోజుల ముందే పంపండి, ఆ రాత్రి పంపిన ఇమెయిల్‌ను ఎవరూ చదవలేరు. మాట్లాడటానికి ఒక్కొక్కరికి సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఇస్తారు. రద్దీ ఎక్కువైతే ఇంకా తగ్గిస్తారు కాబట్టి ఒక నిమిషంలో చెప్పగలిగే రూపం కూడా సిద్ధంగా ఉంచుకోండి. ఒకరు ట్రాఫిక్ లెక్క, ఒకరు చట్టం, ఒకరు పక్కింటివారిగా తమ అభిప్రాయం అని ముందే పంచుకోండి, అందరూ ఒకే మాట చెప్పవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఇంట్లో ఉండగలిగే వృద్ధులు అక్కడ ఉండటం. ఇంగ్లిషు రాదని వెనుకాడేవారికి ఒక విషయం చెప్పండి: అనువాదకుని సహాయంతో మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని 2016 నాటి చట్టసవరణ చెబుతోంది. అనువాదం మీరే చేయవచ్చు. సమావేశానికి ముందు సిటీ క్లర్క్‌కు ఆ మాట తెలియజేయండి. పెద్దవారికి ఉపన్యాసం రాసివ్వకండి. వారు చెప్పవలసింది తమ జీవితమే: "నాకు డెబ్బై రెండేళ్లు. ఈ ఊళ్లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా మనవలు ఇక్కడి బడిలోనే చదివారు. నాకు నెలకు వచ్చేది ఇంత, ఇక్కడి అద్దె ఇంత. నేను కారు నడపను. ఈ ఇళ్లు కడితే నేను దరఖాస్తు పెట్టుకుంటాను." ఇంతకు మించి ఒక్క వాక్యం కూడా అవసరం లేదు. సమావేశం రాత్రి పదకొండు దాకా సాగవచ్చు, వారికి మందుల వేళ, భోజనం, ఇంటికి తిరిగి తీసుకువెళ్లే కారు ముందే చూసుకోండి. జూమ్‌లో మాట్లాడే సౌకర్యం మీ నగరంలో ఉంటే దాన్ని వాడుకోండి.

ఏడవ మెట్టు: అనుమతి వచ్చాక ఇంటికి వెళ్లిపోకండి

జోనింగ్ మార్పు జరిగి ఉంటే తరువాతి 30 రోజులు రెఫరెండం సంతకాల కాలం. ఈ రోజుల్లో సూపర్‌మార్కెట్ల ముందు బల్లలు వేసి సంతకాలు అడుగుతారు. సంతకం పెట్టేవారిలో చాలామంది పిటిషన్ పూర్తిగా చదవరు, "మీ వీధిని కాపాడండి" అన్న అట్ట మాత్రమే చూస్తారు. మీ ప్రాంతంలోని గుడి, తెలుగు సంఘం, సీనియర్ సెంటర్, చర్చి పెద్దలకు ఆ నెల మొదటి వారంలోనే విషయం వివరించండి. ప్లానింగ్ నిర్ణయాల మీద దావా వేయడానికి సాధారణంగా 90 రోజుల గడువు ఉంటుంది, పర్యావరణ సమీక్ష మీద దావాకు నగరం నోటీసు దాఖలు చేశాక 30 లేదా 35 రోజులే. ఆ తేదీలు దాటేవరకు ఇమెయిల్ జాబితాను, మనుషులను చెదిరిపోనివ్వకండి.

తరువాత నిధుల దశ వస్తుంది. ఇది నెలలు కాదు, ఏళ్లు పట్టవచ్చు. సంస్థ కౌంటీ బాండు నిధులకో రాష్ట్ర నిధులకో దరఖాస్తు పెట్టినప్పుడు ఇరుగుపొరుగు నుంచి ఒక సమర్థన ఉత్తరం అడిగితే రాసివ్వండి. పని మొదలయ్యాక దుమ్ము, చప్పుడు గురించి ఫిర్యాదులు వస్తాయి. వాటిని సంస్థ త్వరగా పట్టించుకునేలా చూడటం కూడా మీ పనే, ఎందుకంటే అనుమతి కోసం పొరుగువారికి హామీ ఇచ్చినవారిలో మీరూ ఉన్నారు.

భవనం తెరవడానికి కొన్ని నెలల ముందు దరఖాస్తులు పిలుస్తారు. ముందుగా సంస్థ వెబ్‌సైటులో ఆసక్తి జాబితాలో పేరు చేర్చుకోవాలి. దరఖాస్తు కాలం కొన్ని వారాలే ఉంటుంది, ఆ తరువాత తరచుగా లాటరీ వేస్తారు. వ్యతిరేకించిన ఇళ్లవారికి కూడా ఆ తేదీలు చెప్పండి. మీకు తెలిసిన పెద్దవారికి గుర్తింపు కార్డు, ఆదాయపు ఉత్తరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వయసు రుజువు ఒకే ఫైలులో సిద్ధం చేసి పెట్టండి. ఇండియాలో పొలమో ఫ్లాటో ఉంటే, బ్యాంకులో డిపాజిట్లు ఉంటే, వాటిని దాచకుండా రాయించండి, ఆస్తుల వివరాలు దరఖాస్తులో అడుగుతారు. వెయిటింగ్ లిస్టులో పేరు ఉన్నవారి చిరునామా గానీ ఫోన్ నంబరు గానీ మారితే వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరానికి గడువులోగా జవాబు వెళ్లకపోతే పేరు జాబితా నుంచి తీసేస్తారు కాబట్టి, ఆ ఉత్తరాలు ఎవరి ఇంటికి రావాలో, ఎవరు తెరిచి చదవాలో ముందే అనుకుని ఉంచండి.